టెంటు ఎత్తేశాక ఆ మనిషి ఎక్కడికి పోతాడు?

మీ ప్రశ్న: "అబ్బాయి దగ్గరికని సియాటిల్ వచ్చాం. ఫ్లైఓవర్ల కింద, పార్కుల పక్కన టెంట్లు వేసుకుని జనం ఉంటున్నారు. ఇంత డబ్బున్న దేశంలో ఇదేం ఖర్మ? పని చేయడం ఇష్టం లేకా, డ్రగ్స్ వల్లా? ప్రభుత్వం వీటిని ఎందుకు ఎత్తేయించదు?"

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. ఎత్తేయిస్తుందండీ. ఎత్తేయిస్తూనే ఉంటుంది. ఈ నెల మీరు ఫ్లైఓవర్ కింద చూసిన టెంటు పోయిన నెల ఇంకేదో పార్కు పక్కన ఉండే ఉంటుంది. ఇక్కడ దాన్ని 'స్వీప్' అంటారు, ఊడ్చేయడం అన్నమాట. ఇల్లు ఊడిస్తే చెత్తని చేటలోకి ఎత్తుతాం కదా. ఇక్కడ చీపురే ఉంది, చేట లేదు.

నేనుండేది సియాటిల్ పక్కన ఒక చిన్న ఊళ్ళో, 11 ఏళ్ళుగా. నాలుగేళ్ళ నుంచి శనివారం పొద్దున్నే ఒక చర్చి బేస్‌మెంట్‌లో ఇల్లు లేనివాళ్ళకి టిఫిన్ పెట్టేవాళ్ళతో కలిసి పనిచేస్తున్నాను. సేవాభావం పొంగి వెళ్ళలేదు. మా అమ్మాయికి హైస్కూల్లో వాలంటీర్ గంటలు కావాలంటే కారు నడపడానికి వెళ్ళాను. దాని గంటలు నిండాయి, అది మానేసింది. నేను గుడ్లు వేయించే పెనం దగ్గర ఇరుక్కుపోయాను.

అంతకు ముందు నేను చేసిన పని కూడా చెప్పాలి. 2019లో మా అపార్ట్‌మెంట్ వెనక కాలిబాట మీద మూడు టెంట్లు వెలిస్తే, ఫొటో తీసి ఫోన్ యాప్‌లో కంప్లెయింట్ పెట్టింది నేనే. పిల్ల స్కూలుకి ఆ దారినే నడిచేది. ఒక రోజు అక్కడ సిరంజీ కనపడింది. భయం వేసింది, ఆ భయం అబద్ధం కాదు. పది రోజుల్లో టెంట్లు పోయాయి. హమ్మయ్య అనుకున్నాను. రెండు వారాల తర్వాత ఆఫీసుకి వెళ్తుంటే హైవే ఎగ్జిట్ పక్కన అవే మూడు. ఒకదాని మీద నీలం టార్పాలిన్‌కి తెల్ల టేపుతో వేసిన అతుకు ఉండేది, దాన్నిబట్టి గుర్తుపట్టాను. మా ఇంటికి ఒకటిన్నర మైలు దూరం. నా కంప్లెయింట్ సాధించింది ఆ ఒకటిన్నర మైలే.

ఇక కారణాలు. తాగుడు, మత్తుమందులు, మానసిక జబ్బులు ఉన్నాయి, లేవని నేననను. ప్రతి శనివారం చూస్తున్నాను. ఫెంటనిల్ అనే ఘాటైన మత్తుమందు వచ్చాక మరీ ఘోరం. అయితే ఒక్క విషయం ఆలోచించండి. డ్రగ్ ఓవర్‌డోస్ చావుల రేటులో ఏళ్ళ తరబడి మొదటి స్థానంలో ఉన్న రాష్ట్రం వెస్ట్ వర్జీనియా. డ్రగ్సే కారణమైతే అక్కడి ఊళ్ళన్నీ టెంట్లతో నిండిపోవాలి. నిండలేదు. ఇల్లు లేనివాళ్ళు అక్కడ జనాభాలో చాలా తక్కువ శాతం, ఎందుకంటే అక్కడ అద్దెలు తక్కువ. మత్తుకి అలవాటుపడ్డవాడు కూడా ఏ పాత ట్రైలర్‌లోనో (చక్రాల మీద ఇల్లు), అత్త ఇంటి వెనక గదిలోనో పడుంటాడు. అదే మనిషి సియాటిల్‌లోనో శాన్‌ఫ్రాన్సిస్కోలోనో అయితే రోడ్డు మీద ఉంటాడు. వాడి జబ్బు మారలేదు, గది అద్దె మారింది.

ఇక్కడ ఈ విషయం చదివినవాళ్ళు కుర్చీలాటతో పోలుస్తారు. కుర్చీలు తక్కువైతే ముందు పడిపోయేది కుంటివాడే. వాడు పడిపోయింది కుంటితనం వల్లే అనుకుంటాం, కుర్చీలు ఎవరు తీసేశారో అడగం. అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఒక ప్రాంతంలో మధ్యస్థ అద్దె 100 డాలర్లు పెరిగిన చోట ఇల్లు లేనివాళ్ళ రేటు 9 శాతం ఎక్కువగా ఉంటోంది. ఈ పదకొండేళ్ళలో మా అపార్ట్‌మెంట్ అద్దె ఎన్ని వందలు పెరిగిందో మా ఆవిడ నోటి లెక్కగా చెప్పేస్తుంది.

"బయట రాష్ట్రాల నుంచి ఇక్కడ సౌకర్యాలకి ఆశపడి వస్తారట" అని మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. కాలిఫోర్నియాలో 2023లో శాన్‌ఫ్రాన్సిస్కో వైద్య విశ్వవిద్యాలయం వాళ్ళు దాదాపు 3,200 మందిని అడిగి చూశారు. పది మందిలో తొమ్మిది మంది ఆ రాష్ట్రంలోనే ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళు. ఇల్లు పోవడానికి ముందు ఆరు నెలల్లో వాళ్ళ కుటుంబ ఆదాయం మధ్యస్థంగా నెలకి 960 డాలర్లు. అక్కడ ఆ డబ్బుకి గది కాదు కదా, గదిలో మూల కూడా రాదు.

పాత కథ కూడా కొంత ఉంది. ఒకప్పుడు ప్రతి పెద్ద ఊళ్ళో ఒంటి గది హోటళ్ళు ఉండేవి, వారానికింత అని కట్టి కూలివాళ్ళు, తాగుబోతులు, ముసలివాళ్ళు బతికేసేవారు. వాటిని మురికివాడలని కూల్చేశారు, లేదా అగ్నిప్రమాదాల నిబంధనలు బిగించాక మూతపడ్డాయి. పిచ్చాసుపత్రుల్లో 1955లో 5 లక్షల 58 వేల మంది ఉండేవారు. వాళ్ళని ఊళ్ళలోనే చూసుకుందామని 1963లో కెనెడీ చట్టం చేశాడు. ఆసుపత్రులు మూశారు కానీ, ఊళ్ళలో కడతామన్న కేంద్రాల్లో దాదాపు సగమే కట్టారు. 1980లలో ప్రభుత్వ ఇళ్ళకి నిధులు కోశారు. ఇప్పుడు అద్దె సాయానికి అర్హులైన నలుగురిలో ఒకరికే అది అందుతోంది. మిగతా ముగ్గురూ వెయిటింగ్ లిస్టులోనో, దాని బయటో.

బేస్‌మెంట్‌లో మొదటి రోజు నాకు వింతగా అనిపించింది ఒకటుంది. తిండి దగ్గరకన్నా ప్లగ్ పాయింట్ల దగ్గర క్యూ పెద్దది. గోడకి నాలుగే ప్లగ్గులు, వాటికి ఎక్స్‌టెన్షన్ బాక్సులు, వాటికి పాముల్లా చుట్టుకున్న ఛార్జర్లు. ఫోన్లెందుకు వీళ్ళకి అనుకున్నాను, మనసులో మాట దాచడమెందుకు. తర్వాత తెలిసింది. గది ఖాళీ అయిందని కేస్‌వర్కర్ (వీళ్ళ కేసు చూసే ఉద్యోగి) ఫోన్ చేస్తే, ఎత్తకపోతే ఆ గది క్యూలో తర్వాతి మనిషికి పోతుంది. బ్యాటరీ అయిపోతే ఏడాదిన్నర ఎదురుచూపు గోవిందా.

ఆ క్యూలోనే ఒక పెద్దావిడ పరిచయం. (గుర్తుపట్టేలా రాయకూడదు కాబట్టి వివరాలు కొన్ని మారుస్తున్నాను.) అరవై దాటాయి. పద్దెనిమిదేళ్ళు ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి స్నానాలు చేయించి మందులిచ్చే పని చేసింది. ఉంటున్న బిల్డింగ్ చేతులు మారింది, కొత్త ఓనరు అద్దె 450 డాలర్లు పెంచాడు. అదే ఏడాది మోకాలు దెబ్బతిని పేషెంట్లని లేపలేక పని గంటలు తగ్గాయి. చెల్లెలి ఇంటికి వెళ్ళింది. చెల్లెలి లీజులో చుట్టాలెవరూ రెండు వారాలకి మించి ఉండకూడదని షరతు. ఐదు నెలలు దాచి ఉంచాక మేనేజర్ నోటీసిచ్చాడు. చెల్లెల్ని కూడా రోడ్డున పడేయడం ఇష్టం లేక కారులో పడుకోవడం మొదలుపెట్టింది. ఒక రోజు కారు స్టార్ట్ కాలేదు. సియాటిల్‌లో వీధిలో ఒకే చోట బండి 72 గంటలకి మించి ఉండకూడదని రూలు, చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఇలాంటివే ఉన్నాయి. టో చేసుకుపోయారు. విడిపించుకోవాలంటే టోయింగ్ ఛార్జీ, దానిపైన రోజుకింత పార్కింగ్. కట్టలేకపోయింది. టెంటులోకి వచ్చింది అలా.

ఇందులో డ్రగ్స్ ఎక్కడున్నాయని అడుగుతారేమో. ఆవిడ కథలో లేవు. పక్క టెంటు కుర్రాడి కథలో ఉన్నాయి. అయితే వరస చూడండి. టెంటులోకి వచ్చాక రాత్రిళ్ళు నిద్రపోతే సామాను పోతోందని, మెలకువగా ఉండటానికి మెత్ అనే మత్తుమందు మొదలుపెట్టానని వాడే నాతో చెప్పాడు. మనం పగలు కారు అద్దంలోంచి చూసేది ఆ నిద్రలేని ముఖాన్ని.

2023 జనవరిలో నా ఉద్యోగం పోయింది. హెచ్-1బి వీసా మీద పనిచేసేవాళ్ళకి తెలుసు, ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి 60 రోజులే గడువు. ఆ టెన్షన్‌లో రాత్రిళ్ళు రెండింటికి లేచి క్యాలెండర్ మీద వేలు పెట్టి లెక్కపెట్టేవాణ్ణి. కానీ నిజం చెప్పాలంటే, దేశం వదలాల్సి వస్తుందేమోనని భయపడ్డాను గానీ ఎక్కడ పడుకోవాలా అని ఒక్క క్షణం కూడా భయపడలేదు. మా ఊరివాళ్ళు, ఇంజనీరింగ్ స్నేహితులు, తెలుగు సంఘంలో ముఖపరిచయం ఉన్నవాళ్ళు కలిపి నలుగురు, "బేస్‌మెంట్ ఖాళీగానే ఉంది, సామాను పట్టుకొచ్చేయండి అన్నయ్యా" అన్నారు. మనలో తెలివితేటలో కష్టపడే గుణమో ఎక్కువని కాదు. మనకి సోఫాలు ఎక్కువ. ఒకరి సోఫా మీద నుంచి ఇంకొకరి సోఫాకి మారుతూ గడువు దాటేస్తాం. పెద్దావిడకి ఉన్నది ఒకటే సోఫా, అది చెల్లెలిది.

నాకు ఉద్యోగం దొరికిన ఏడాదికి పెద్దావిడకి అద్దె వోచరు వచ్చింది. అంటే తన ఆదాయంలో దాదాపు 30 శాతం తను కడితే మిగతాది ప్రభుత్వం ఇంటి ఓనరుకి కడుతుంది. లాటరీ తగిలినట్టే. వోచరు చేతికొచ్చాక ఇల్లు వెతుక్కోవడానికి ఇచ్చిన గడువు ఎంతో తెలుసా? 60 రోజులు. కాగితం చూపించి, "నీకూ ఇంతే కదా ఇచ్చారు" అని నవ్వింది. నా కథ ఆవిడకి తెలుసు.

పదకొండో రోజున స్వీప్ వచ్చింది.

ముందు రోజు నాకు ఫోన్ చేసింది, వ్యాన్ తెస్తావా అని. ఫిబ్రవరి, సన్నగా వాన. నేను వెళ్ళేసరికి పొద్దున ఏడు దాటింది. ప్లాస్టిక్ కవర్లో పెట్టిన నోటీసు చెట్టుకి కట్టి ఉంది, లోపలికి నీళ్ళు దిగి అక్షరాలు అలుక్కుపోయాయి. నారింజ రంగు జాకెట్లవాళ్ళు పదిమంది దాకా, ఒక చెత్త లారీ, ఇనుప పంజాతో సామాను ఎత్తే బండి. వాళ్ళేమీ దురుసుగా లేరు. ఒకతను పెద్దావిడ టెంటు కర్రలు విప్పడానికి సాయం కూడా చేశాడు. కానీ ఎనిమిదిన్నరకల్లా ఖాళీ కావాలి. ఇరవై టెంట్ల జనం ఒకేసారి బతుకు మూట కట్టాలి. నేను వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నాను. స్లీపింగ్ బ్యాగు, స్టవ్వు, మందులు, గొడుగులు రెండు. ఒక బూడిదరంగు ప్లాస్టిక్ టబ్బు, మూత పగిలి, పైన తడిసిన బట్టలు, బూజు వాసన. అది చెత్తనుకున్నాను. వదిలేశాను. ఇనుప పంజా దాన్ని ఎత్తుతుంటే చూశాను కూడా.

ఆ బట్టల కింద నీలం ఫోల్డరు ఉంది. బర్త్ సర్టిఫికెట్, సోషల్ సెక్యూరిటీ కార్డు, వోచరు కాగితం. వానకి తడవకుండా బట్టల మధ్య పెట్టుకుంది.

మీరు "ఎందుకు ఎత్తేయించరు" అని అడిగారు కదా, నా జవాబు ఆ ఫోల్డరు. కొత్త గుర్తింపు కార్డు కావాలంటే బర్త్ సర్టిఫికెట్ కావాలి. బర్త్ సర్టిఫికెట్ ఆవిడ పుట్టిన వేరే రాష్ట్రం నుంచి రావాలి, దానికి గుర్తింపు కార్డు అడిగారు. పోస్టులో పంపడానికి చిరునామా కావాలన్నారు. చివరికి చర్చి చిరునామా ఇచ్చి, పాస్టర్‌తో ఉత్తరం రాయించి, ఐదు వారాలు పట్టింది. 60 రోజుల్లో ఐదు వారాలు! ఎంత మంచి ఆఫీసరు ఉన్నా, ఎంత ఖర్చు పెట్టినా, ఒక్క పొద్దుట ఏడాది పని వెనక్కి పోతుంది. పైగా మనిషి ఎక్కడికి మారిందో కేస్‌వర్కర్‌కి తెలియదు. డ్రగ్స్ మానడానికి మందు తీసుకుంటున్నవాడు ఎక్కడున్నాడో ఆ మందిచ్చే వ్యాన్‌వాళ్ళకి తెలియదు.

ఇదేం కొత్త కూడా కాదు. 1931లో మహా మాంద్యం రోజుల్లో ఇదే సియాటిల్‌లో ఓడరేవు దగ్గర పని లేనివాళ్ళు రేకులతో, చెక్కలతో గుడిసెలు వేసుకున్నారు. అధ్యక్షుడు హూవర్ మీద కోపంతో దానికి హూవర్‌విల్ అని పేరు పెట్టారు. అధికారులు రెండుసార్లు తగలబెట్టించారు, రెండుసార్లూ మళ్ళీ లేచింది. ఆ తర్వాత కొన్ని షరతులు పెట్టి ఉండనిచ్చారు, 1941 దాకా ఉంది.

చట్టం సంగతి క్లుప్తంగా. పడుకోవడానికి షెల్టర్‌లో చోటు చూపించకుండా బయట పడుకున్నందుకు శిక్షించకూడదని 2018లో పడమటి రాష్ట్రాల అప్పీలు కోర్టు బోయిసీ నగరం కేసులో చెప్పింది. దాంతో కొన్నాళ్ళు ఊళ్ళు కాస్త వెనకాడాయి. ఒరెగాన్‌లో గ్రాంట్స్ పాస్ అని ఒక చిన్న ఊరు, అక్కడ దుప్పటి కప్పుకుని పార్కులో పడుకుంటే 295 డాలర్ల జరిమానా వేసేవారు. ఆ కేసు సుప్రీంకోర్టుకి వెళ్తే 2024 జూన్ 28న 6-3 తేడాతో ఆ ఊరికి అనుకూలంగా తీర్పు వచ్చింది. షెల్టర్ ఉన్నా లేకపోయినా జరిమానా వేయొచ్చు. అప్పటి నుంచి చాలా ఊళ్ళు స్వీప్‌లు పెంచాయి. చిల్లర డబ్బులు లేనివాడికి 295 డాలర్ల జరిమానా ఏంటో, అది కట్టలేదని రికార్డుకెక్కితే తర్వాత ఇల్లెవరిస్తారో నాకర్థం కాదు.

"షెల్టర్లున్నాయిగా, వెళ్ళరేం?" అని మా ఆఫీసులో ఒకాయన అడిగాడు. కొన్ని చోట్ల భార్యాభర్తల్ని విడదీస్తారు, కుక్కని రానివ్వరు, రెండు సంచులకి మించి తేకూడదు, రాత్రి ఎనిమిదికి తలుపేస్తారు. బేస్‌మెంట్‌కి వచ్చేవాళ్ళలో ఒకతను రాత్రి షిఫ్టులో ఆఫీసులు శుభ్రం చేస్తాడు. ఎనిమిదికి తలుపేస్తే అతను పనికెలా పోతాడు? పని మానేసి షెల్టర్‌కి పోవాలా, షెల్టర్ మానేసి పనికి పోవాలా? అతను పనే ఎంచుకుని టెంటులో ఉంటున్నాడు. మీ ప్రశ్నలో "పని చేయడం ఇష్టం లేకా" అన్నారు కదా, ఇతన్ని మీకు చూపించాలని ఉంది.

అలాగని టెంట్లని అలాగే వదిలేయమనడం లేదు. అది దయ కాదు. చలికాలం లోపల స్టవ్వు వెలిగించుకుని టెంట్లు అంటుకుంటాయి. ఆడవాళ్ళకి రాత్రిళ్ళు నరకం. పార్కు పిల్లలది కూడా. ఈ విషయంలో నా తోటి వాలంటీర్లు కొందరితో నాకు గొడవ, టెంటు వేసుకోవడం హక్కని వాళ్ళంటారు. టెంటులో ఉన్నవాళ్ళెవరూ నాతో ఆ మాట అనలేదు. వాళ్ళకి కావాల్సింది తాళం వేసుకోగలిగిన తలుపు.

హ్యూస్టన్ చేసిన పద్ధతి నాకు నచ్చింది. అక్కడ టెంట్ల గుంపు తీసేయాలనుకుంటే, ముందు కొన్ని వారాల పాటు అందులో ఒక్కొక్కరికీ అపార్ట్‌మెంట్ చూసి పంపిస్తారు. చివరి మనిషి వెళ్ళాక స్థలం మూసేస్తారు. అంటే చేట తెచ్చుకుని ఊడుస్తారు. 2011 నుంచి అక్కడ ఇల్లు లేనివాళ్ళ సంఖ్య 60 శాతానికి పైగా తగ్గింది. అక్కడ అద్దెలు తక్కువ, ఇళ్ళు కట్టడం తేలిక, అది మర్చిపోకూడదు. అద్దెలు మండిపోయే సియాటిల్‌లో ఇదే చేయాలంటే ముందు ఇళ్ళు కట్టాలి, మన వీధిలో కట్టొద్దని మీటింగులకి వెళ్ళి అరిచేవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు, రాసిపెట్టుకోండి.

తాగుడు మానితేనే గది ఇస్తామనకుండా ముందు గది ఇచ్చి చూద్దామనే పద్ధతి 1992లో న్యూయార్క్‌లో మొదలైంది. సియాటిల్‌లో 2005లో పూర్తి తాగుబోతుల కోసం 75 గదులతో ఒక బిల్డింగ్ తెరిచారు, గదిలో తాగొచ్చు కూడా. ఊరంతా నవ్వింది. 2009లో ప్రముఖ వైద్య పత్రికలో ఫలితం అచ్చయింది. అంబులెన్సులు, జైలు, ఎమర్జెన్సీ ఖర్చులు బాగా తగ్గాయి, తాగుడు కూడా తగ్గింది. 2025 జులైలో ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు ఈ పద్ధతికి కేంద్రం మద్దతు ఆపేయమంటోంది. ఏమవుతుందో చూడాలి.

మధ్యేమార్గంగా ఇక్కడ చిట్టి ఇళ్ళు కూడా ఉన్నాయి. 8 అడుగులకి 12 అడుగులు, ఒక లైటు, ఒక హీటరు, తలుపుకి తాళం. బాత్రూములు ఉమ్మడి. మీ అబ్బాయిని అడగండి, కారులో వెళ్తూ రంగురంగుల చిన్న ఇళ్ళ వరస చూసే ఉంటాడు. ఇల్లు కాదది, కానీ ఫోల్డరు భద్రంగా ఉంటుంది.

పెద్దావిడకి వోచరు గడువు ఇంకో నెల పొడిగించారు. ఇంటి ఓనర్లకి ఫోన్లు నేనే చేశాను, నా యాసకన్నా ఆవిడ క్రెడిట్ స్కోరుకే ఎక్కువ కష్టమొచ్చింది. వోచరు ఉందని ఇల్లు నిరాకరించకూడదని ఈ రాష్ట్రంలో 2018 నుంచి చట్టం. అయినా ఆ మాట వినగానే అవతలి గొంతు మారిపోయేది. ఒక్కో అప్లికేషన్‌కి నలభై యాభై డాలర్లు ఫీజు, తిరిగి రాదు. పద్నాలుగో అప్లికేషన్‌కి ఒక స్టూడియో (ఒంటి గది ఫ్లాటు) ఇవ్వడానికి ఒప్పుకున్నారు, బస్సు స్టాపుకి దగ్గర్లో, రెండో అంతస్తు, లిఫ్టు ఉంది.

వ్యాన్‌లో పరుపు వేసుకుని మా అమ్మాయీ నేనూ వెళ్ళాం. గదిలో ఇంకా ఏమీ లేదు. పెద్దావిడ కిటికీ చూడలేదు, వంటగది చూడలేదు. గోడల వెంబడి వంగి వంగి తిరుగుతూ ప్లగ్ పాయింట్లు లెక్కపెట్టింది. ఏడు. ఒకదానికి ఫోన్ పెట్టి, మిగతా ఆరింటికి పెట్టడానికి ఏమీ లేదని నవ్వింది.